గొట్టాల పరీక్ష నీళ్లకు కట్టడి ఉండాలి

(మండల రైతు సదస్సులో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మన ఎజెండాలో ధాన్యం సొమ్ము ఉంది, కౌలు కార్డులు ఉన్నాయి, డ్రెయిన్ల పూడిక ఉంది. వాటి మధ్యలో ‘పైపులైన్ల పరీక్ష నీళ్లు’ అని ఒక అంశం కనపడేసరికి కొందరు మిత్రులు ‘ఇదేమిటండీ, దీనికీ తీర్మానం కావాలా?’ అని అడిగారు. కావాలి. ఎందుకు కావాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు మా ఊళ్లో జరిగింది చెబుతాం. కొన్నేళ్ల కిందట వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, మా చేల పక్కనుంచి వెళ్లే ఒక గొట్టానికి పరీక్ష చేశారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఏ కంపెనీ అయినా పద్ధతి అదే. రాత్రి పది దాటాక పెద్ద మోటార్ల చప్పుడు వినిపించింది. తెల్లారి చేలోకి వెళ్లి చూస్తే పంట బోదె నిండా ఇటుకపొడి కలిపినట్టు ఎర్రటి నీళ్లు. బోదె చివర గుంటలో మిగిలిన కొర్రమీనులు కూడా తెల్లగా తేలాయి. బురదలో బతికే చేపది! అదే చచ్చిందంటే నీళ్లలో ఏదో ఉందనే కదా. కాంట్రాక్టరు మనిషిని అడిగితే ‘మంచినీళ్లేనండీ, మీ చెరువులోంచి తోడినవే’ అన్నాడు. అధికారి వచ్చేసరికి నాలుగు రోజులైంది. అప్పటికి నీళ్లు ఇంకిపోయాయి. ‘ఏదీ, ఎక్కడ?’ అని అడిగితే మేం చూపించడానికి ఎర్ర మరక తప్ప ఏమీ లేదు.

ఆ రోజే మాకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఫ్యాక్టరీ మురుగు రోజూ వస్తుంది, ఈ రోజు కాకపోతే రేపు పట్టుకోవచ్చు. ఈ నీళ్లు ఒక్క రాత్రి వస్తాయి. తెల్లారేసరికి సాక్ష్యం ఉండదు. అందుకే దీనికి కట్టడి ముందే ఉండాలి, తర్వాత కాదు.

పరీక్ష వద్దని మనం అనడం లేదు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనం పరీక్షలకు వ్యతిరేకం కాదు. ఈ గడ్డ మీద ఎవరైనా ఆ మాట అనగలరా? 1995 జనవరిలో పాశర్లపూడి ఓఎన్జీసీ బావిలో చెలరేగిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ వారి 18 అంగుళాల గ్యాసు లైను పేలి, నిద్రలో ఉన్నవాళ్లు, పొయ్యి వెలిగించినవాళ్లు ఉన్నచోటే కాలిపోయారు. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. గ్యాసుతో పాటు గొట్టంలో చేరిన నీటి వల్ల లోపల తుప్పు పట్టి, గొట్టం పలచబడిందని తర్వాత బయటపడింది. అప్పుడు మనమే రోడ్డెక్కి ‘పాత గొట్టాలన్నీ పరీక్షించండి, పనికిరానివి మార్చండి’ అని అడిగాం. ఇప్పుడూ అదే అడుగుతాం.

పరీక్ష ప్రాణాన్ని కాపాడేది. పరీక్ష తర్వాత వదిలే నీరు పంటను చంపకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధ్యమే. ‘మీ భద్రత కోసమే చేస్తున్నాం, కాస్త ఓర్చుకోండి’ అంటే మనం ఒప్పుకోం. ఇంటికి తాళం వేసిన పుణ్యానికి పెరట్లో చెత్త పోస్తామంటే ఎవరైనా ఊరుకుంటారా?

ఆ నీళ్లలో ఏముంటుంది?

కొత్త కుండ కొన్నా నీళ్లు పోసి చూస్తాం. సైకిల్ ట్యూబును నీళ్ల బకెట్లో ముంచి బుడగలు చూస్తాం. గొట్టం పరీక్షా అలాంటిదే, కాకపోతే పెద్ద ఎత్తున. గొట్టం నిండా నీళ్లు నింపి, అది రోజూ మోయాల్సిన ఒత్తిడికంటే కనీసం పావు వంతు ఎక్కువ ఒత్తిడి పెట్టి, దూరపు లైన్లకైతే సాధారణంగా 24 గంటలు అలాగే ఉంచుతారు. ఒత్తిడి పడిపోతే ఎక్కడో కారుతున్నట్టు. గాలితో కాకుండా నీటితోనే చేయడానికి కారణం, గొట్టం పగిలినా నీరు కారుతుందే తప్ప గాలిలా పేలదు. ఆయిల్ ట్యాంకులకైతే నిండా నీళ్లు పోసి, అడుగు కుంగుతుందా, అతుకులు కారుతున్నాయా అని చూస్తారు.

ఎన్ని నీళ్లు? లెక్క మనమే వేసుకోవచ్చు. 18 అంగుళాల గొట్టంలో కిలోమీటరుకు సుమారు ఒకటిన్నర లక్షల లీటర్లు పడతాయి. పది కిలోమీటర్ల ముక్కను పరీక్షిస్తే 15 లక్షల లీటర్లు. ఎకరం చేలో పోస్తే అడుగు పైన నిలుస్తాయి. కాకినాడ దగ్గర గాడిమొగ నుంచి గుజరాత్ దాకా వెళ్లిన గ్యాసు లైను లాంటి 48 అంగుళాల గొట్టమైతే కిలోమీటరుకే దాదాపు 11 లక్షల లీటర్లు. 20 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల ఎత్తు ఉన్న ఒక ట్యాంకు నింపితే 37 లక్షల లీటర్లు దాటుతాయి. ఇవి ఒక మడిలో సర్దుకునే నీళ్లు కావు.

‘మంచినీళ్లేగా’ అంటారు. లోపలికి వెళ్లేటప్పుడు మంచినీళ్లే కావచ్చు. బయటికి వచ్చేటప్పుడు వాటితో పాటు గొట్టంలోని తుప్పు, వెల్డింగు చిట్టెం, మట్టి వస్తాయి. నీళ్లు లోపల చాలా రోజులు నిలవ ఉండాల్సి వస్తే గొట్టం తుప్పు పట్టకుండా మూడు రకాల మందులు కలుపుతారు. నీటిలోని ప్రాణవాయువును పీల్చేసేది ఒకటి, తుప్పును ఆపేది ఒకటి, సూక్ష్మజీవులను చంపేది ఒకటి. కారుడు పసిగట్టడానికి కొన్నిచోట్ల రంగు కూడా కలుపుతారు. ప్రాణవాయువు తీసేసిన నీటిని తెచ్చి చేపల చెరువు తూము దగ్గర వదిలితే ఏమవుతుందో ఆక్వా రైతులకు మనం చెప్పక్కరలేదు. తెల్లారగట్ల చేప నోరు తెరిచి పైకి వస్తే ఏరేటర్ల దగ్గరకు పరుగెత్తేది వాళ్లే కదా. సూక్ష్మజీవులను చంపే మందు, నీటిలోని పురుగునూ నాచునూ విడిచిపెట్టదు.

ఇది కొత్త గొట్టం సంగతి. అప్పటికే ఏళ్ల తరబడి గ్యాసో, చమురో మోసిన గొట్టాన్ని, డీజిలో కిరోసినో నిలవ ఉంచిన ట్యాంకును పరీక్షిస్తే ఆ నీటిలో నూనె జిడ్డు, బెంజీన్ లాంటి విషాలు ఉంటాయి. కొత్త గొట్టపు నీటినీ పాత ట్యాంకు నీటినీ ఒకే గాట కట్టడం పెద్ద తప్పు.

ఇంకో సంగతి. పరీక్ష అయ్యాక గొట్టంలో ‘పిగ్’ అని ఒక రబ్బరు దిమ్మ లాంటిది పెట్టి, వెనకనుంచి గాలి కొడతారు. అది ముందున్న నీళ్లను, చెత్తను నెట్టుకుంటూ వస్తుంది. అంటే మొదట వచ్చే నీళ్లు కాస్త తేటగా ఉన్నా చివర వచ్చేవి చిక్కటి మురికి. మొదటి బకెట్టు నీళ్లు సీసాలో పట్టి ‘అన్నీ బాగున్నాయి’ అని రాసిస్తే ఆ కాగితం విలువ ఎంతో మీరే చెప్పండి.

మన డెల్టాకు ఎందుకు ఎక్కువ ప్రమాదం?

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన నాటి నుంచి ఈ డెల్టాలో నీటికి రెండు దారులు. పంట కాలువ తెస్తుంది, మురుగు కాలువ తీసుకెళ్తుంది. పంట కాలువ నీరే మన చేనుకు, మన మంచినీటి చెరువుకు, మన పశువులకు. పది లక్షల ఎకరాల ఆయకట్టు ఈ ఏర్పాటు మీదే బతుకుతోంది. ఎగువన బోదెలో ఒకరు ఏది పోసినా దిగువన ఇంకొకరు తాగాల్సిందే.

దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. చేలు ఖాళీగా ఉంటాయి కనుక గొట్టాల పనులూ అప్పుడే జోరుగా సాగుతాయి. అంటే పరీక్ష నీళ్లు వదిలే సమయానికి కాలువలో పలచన చేసే పారుడు నీరే ఉండదు. విషం చిక్కగానే ఉంటుంది. జూన్‌లో కాలువ వదిలినప్పుడు మొదటి తడి ఆ అడుసును కడిగి మన ఆకుమడికి, ఊరి చెరువుకు చేరుస్తుంది. వేసవిలో చేసిన తప్పు సార్వా మొదట్లో బయటపడుతుంది. అప్పుడు కారణం ఎవరు ఒప్పుకుంటారు?

ఇక ఉప్పు. సముద్రం దగ్గరి ఊళ్లలో మంచినీరు దొరకక పాయలోంచో, ఉప్పు బోరులోంచో తోడి గొట్టం నింపితే ఆ ఉప్పు తర్వాత మన చేలో దిగుతుంది. వేరు దగ్గర మట్టిలో ఉప్పుదనం 3 డెసీసైమన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుందని వ్యవసాయ శాస్త్రం చెబుతోంది. శంకరగుప్తం డ్రెయిను వెంట ఉప్పునీరు ఎగదన్ని రాజోలు ప్రాంతంలో కొబ్బరి తోటలు ఎలా మోడులయ్యాయో అందరూ చూశారు. ఉప్పు మనకు పుస్తకంలో సంగతి కాదు.

చట్టం ఏమంటోంది? ఎక్కడ చాలడం లేదు?

1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షను, విషపదార్థాన్ని గానీ కాలుష్య పదార్థాన్ని గానీ తెలిసి నీటి ప్రవాహంలోకి, బావిలోకి, నేల మీదకి వదలకూడదని చెబుతోంది. ‘ప్రవాహం’ అంటే ఆ చట్టంలో నది ఒక్కటే కాదు. సహజమైనదైనా మనుషులు తవ్వినదైనా, పారుతున్నదైనా ఆ సమయానికి ఎండి ఉన్నదైనా నీటిదారి కిందే లెక్క. ‘కాలువ కట్టేశారు కదా, ఎండు కాలువలో వదిలాం’ అనే సాకు చట్టం ముందు చెల్లదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, పనికొస్తుంది.

1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల ఆరో షెడ్యూలులో, నీటి వనరుల్లోకి వదిలే వ్యర్థజలాలకు హద్దులు ఉన్నాయి. లీటరుకు నూనె, జిడ్డు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. తేలియాడే మట్టి, మడ్డి 100, ఇనుము 3, మిగిలిన క్లోరిన్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. పీహెచ్ 5.5కి 9కి మధ్య ఉండాలి. ఆ నీటిలో చేపల్ని వదిలితే 96 గంటల తర్వాత నూటికి తొంభై బతికి ఉండాలి. హద్దులు బాగానే ఉన్నాయి. చిక్కు ఎక్కడుందంటే ఇవన్నీ గేటూ గొట్టమూ ఉన్న ఫ్యాక్టరీని మనసులో పెట్టుకుని అమలు చేస్తున్నవి. ఒక్క రాత్రి వచ్చి పోయే నీటి దగ్గర సీసా పట్టుకుని నిలబడేవాడు లేడు. పైగా హద్దు లీటరు లెక్క. 15 లక్షల లీటర్లలో లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున జిడ్డు ఉంటే హద్దు దాటలేదన్న మాటే గానీ, మొత్తం 15 కిలోలు ఒకే బోదెలో దిగుతుంది. అందుకే ఎంత చిక్కగా ఉందనే కాదు, ఎంత నీరు, ఎంత వేగంగా, ఎక్కడ వదులుతున్నారన్నదీ అడగాలి.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ చూడండి. అందులో చమురు, గ్యాసు రవాణా గొట్టాల పద్దు జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, సున్నిత ప్రాంతాల గుండా వెళ్లే వాటి గురించే. వరి చేల గుండా వెళ్లే గొట్టానికి ఆ పద్దు కింద ప్రజాభిప్రాయ సేకరణ రాదు. కోరంగి మడ అడవికి రక్షణ ఉండాల్సిందే. దాని ఎగువన అన్నం పండే చేనుకు ఎందుకు ఉండకూడదు?

1962 నాటి పైపులైన్ల భూమి వినియోగ హక్కు చట్టం ఇంకొకటి. నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. గొట్టం వెళ్లిన భూమిలో ప్రయోజనం ఉన్నవారికి నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి. చాలదనుకుంటే జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లొచ్చు. కానీ ఆ చట్టం గొట్టం వెళ్లే భూమి చుట్టూ తిరుగుతుంది. గొట్టం ఒకరి చేలో ఉంటుంది, నీళ్లు ఇంకొకరి చేలో పడతాయి. ఆ రెండో రైతు ఎవరి జాబితాలోనూ ఉండడు. అతను కౌలు రైతు అయితే మరీ అన్యాయం. పరిహారం వస్తే పట్టాదారుకు, పోతే కౌలుదారుకు! మన డెల్టాలో దుక్కి దున్నేవాళ్లలో ఎంతమంది కౌలుదారులో ఈ సభలో చేతులెత్తమంటే తెలిసిపోతుంది.

బయట దేశాల్లో ఎలా ఉంది? అమెరికాలో చమురుకు పుట్టినిళ్లయిన టెక్సాస్, లూసియానా రాష్ట్రాలు కేవలం ఈ గొట్టాల, ట్యాంకుల పరీక్ష నీటి కోసమే ప్రత్యేక అనుమతి పద్ధతి పెట్టుకున్నాయి. నూనె, పీహెచ్ లాంటివి పరీక్షించి లెక్క రాసి పెట్టాలి. కంపెనీల మాట చెల్లుబాటయ్యే రాష్ట్రాలే ఆ పని చేయగలిగినప్పుడు, అన్నపూర్ణ అని పేరున్న మన డెల్టాకు ఆ మాత్రం పద్ధతి అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మనం అడిగేది ఇవే

ఈ సదస్సు ముందు పెడుతున్న తీర్మానంలో ఏడు కోరికలు ఉన్నాయి.

ఒకటి: పరీక్షకు కనీసం 15 రోజుల ముందు గ్రామ పంచాయతీకి, నీటి వినియోగదారుల సంఘానికి, ఇరిగేషన్ ఏఈకి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలపాలి. ఏ రోజు, ఎన్ని నీళ్లు, ఎక్కడి నుంచి తోడతారు, ఏ మందులు ఎంత కలుపుతారు, ఎక్కడ వదులుతారు అన్నీ తెలుగులో ఉండాలి.

రెండు: మంచినీటి చెరువుల నుంచి తోడకూడదు. వంతుల రోజుల్లో పంట కాలువ నుంచి తోడకూడదు. ఉప్పునీటితో నింపినది చేల వైపు వదలకూడదు.

మూడు: నీరు నేరుగా బయటికి రాకూడదు. టార్పాలిన్ పరిచిన గుంటలో పట్టి, తేర్చి, గాలి కలిపి, పరీక్ష ఫలితం వచ్చాకే మెల్లగా వదలాలి. పంట కాలువలోకి, బోదెలోకి అసలు వదలకూడదు. రాత్రిపూట వదలడం నిషేధించాలి.

నాలుగు: నమూనా మొదట, మధ్యలో, చివర మూడుసార్లు తీయాలి. ఇద్దరు రైతు ప్రతినిధుల ఎదుట తీసి, సీలు వేసి, ఒక సీసా పంచాయతీలో ఉంచాలి. ఉప్పుదనం, ప్రాణవాయువు కూడా చూడాలి.

ఐదు: వాడిన గొట్టాల, ట్యాంకుల నీటిని ట్యాంకర్లలో శుద్ధి కేంద్రానికే తీసుకెళ్లాలి. డెల్టాలో ఒక్క చుక్క కూడా వదలకూడదు.

ఆరు: పరీక్షకు ముందే పరిహారం సొమ్ము కలెక్టరు దగ్గర డిపాజిట్ చేయించాలి. నష్టం పక్క చేలో జరిగినా, చెరువులో జరిగినా, నష్టపోయినది కౌలు రైతయినా అందులోంచి ఇవ్వాలి.

ఏడు: 2022లో జిల్లాలు విడిపోయాక ఒకే కాలువ రెండు మూడు జిల్లాల్లో పారుతోంది. వదిలేది ఒక జిల్లాలో, చేరేది ఇంకో జిల్లాలో. అందుకని డెల్టా జిల్లాలన్నిటికీ ఒకే ఉత్తర్వు ఉండాలి.

మన వంతు

కోరడంతో మన పని అయిపోదు. ప్రతి నీటి వినియోగదారుల సంఘం దగ్గర ఒక టీడీఎస్ మీటరు, పీహెచ్ కాగితాలు ఉండాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు, రొయ్యల రైతులు ఎప్పటి నుంచో వాడుతున్నారు. కాలువ కట్టేసే ముందు, వదిలిన తర్వాత మీ బోదె నీటి అంకెలు పుస్తకంలో రాసి ఉంచండి. ‘ముందు ఎలా ఉండేది?’ అని అధికారి అడిగితే చూపించడానికి మన దగ్గర ఒక లెక్క ఉండాలి. మోటార్ల చప్పుడు వినిపించిన రాత్రి గొడవకు దిగవద్దు. అక్కడ పనిచేసేవాళ్లూ మనలాంటి కూలీలే. తేదీ, సమయం కనపడేలా ఫోటో తీయండి. రెండు గాజు సీసాల్లో నీళ్లు పట్టి, పంచాయతీ కార్యదర్శి సంతకంతో భద్రపరచండి. మండలికి, కలెక్టరుకు అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి రసీదు తీసుకోండి. ఏ మందు కలిపారో సమాచార హక్కు చట్టం కింద అడగండి.

చివరిగా మనకు చేదుగా ఉండే మాట ఒకటి. ఆక్వా చెరువుల నీళ్లు మనలో కొందరు రాత్రిపూట పంట బోదెలోకి వదులుతున్నారు. పక్క రైతు అడిగితే ‘కాస్త నీళ్లే కదా’ అంటున్నారు. ఆ కాంట్రాక్టరు మనిషి మాతో అన్నదీ సరిగ్గా అదే మాట. కంపెనీని నిలదీసే నోరు మనకు ఉండాలంటే ముందు మన తూము మనం సరిచేసుకోవాలి. ఈ తీర్మానంతో పాటు ఆ మాట కూడా ఈ రోజే ఇచ్చుకుందాం.

గొట్టం మన చేల కిందుగా పోతోంది. అందులోని గ్యాసు ఎక్కడో పొయ్యి వెలిగిస్తోంది, ఎక్కడో కరెంటు పుట్టిస్తోంది. దానికి మనం అడ్డం కాదు. కానీ దాన్ని కడిగిన నీళ్లు మన అన్నంలో కలవడానికి వీల్లేదు. వచ్చే వేసవి కాలువ కట్టేసేలోపు ఈ ఉత్తర్వు వచ్చేదాకా ఊరూరా తిరుగుదాం. తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.